కోడలి బండి

బ్యాంకులో ముప్ఫై మూడేళ్ళు చేసి రిటైరయ్యాను. అందులో చివరి పన్నెండేళ్ళలో కస్టమర్లతో నేను ఎక్కువసార్లు అన్న మాట నమస్కారం కాదు. "సిస్టమ్ అప్‌డేట్ అవుతోందండీ, రేపు రండి." నిజంగా అవుతోందో లేదో ఒక్కోసారి నాకూ తెలిసేది కాదు. బల్ల మీద కాఫీ చల్లారిపోతోందన్నది మాత్రం కచ్చితంగా తెలిసేది. ఆ మాటకి తిరుగులేదు. పెన్షను పుస్తకం పట్టుకుని రెండు బస్సులు మారి వచ్చిన పెద్దాయన కూడా, కంప్యూటరు వైపు ఓ దణ్ణం పెట్టినంత పనిచేసి వెళ్ళిపోయేవాడు. ఎవరి ఉసురూ ఊరికే పోదని మా అమ్మ అంటూంటుంది. పోలేదు. కారు రూపంలో వచ్చింది.

రిటైర్మెంటు డబ్బుల్లో కొంత పెట్టి కరెంటు కారు కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను. తప్పు ఎవరిదో కాసేపట్లో మీకే తెలుస్తుంది. దాని ముందద్దం వెనక కెమెరా, బంపర్ లోపల రాడార్ ఉన్నాయి. ముందు బండి ఎంత దూరంలో ఉందో, రోడ్డు మీద గీత ఎటు పోతోందో చూసుకుని వేగం తనే తగ్గించుకుంటుంది, స్టీరింగు తనే కాస్త తిప్పుకుంటుంది. ఈ ఏర్పాటు పేరు ఏడాస్. "కొత్త బండి కొంటూ ఏడవడమేమిట్రా, శుభమా అని!" అంది అమ్మ.

కారు తనంతట తను నడుపుకోవడంలో 0 నుంచి 5 దాకా ఆరు మెట్లున్నాయి. మాది లెవెల్ 2. అంటే వేగం, స్టీరింగు రెండూ కారు చూసుకోవచ్చు గానీ, జరిగేదానికి బాధ్యత మాత్రం పూర్తిగా సీట్లో కూర్చున్న మనిషిదే. బ్రాంచిలో నా ఉద్యోగమూ అదే గనక వెంటనే అర్థమైంది: పని కంప్యూటరుది, సంతకం నాది. అపార్టుమెంటు వాళ్ళకి మాత్రం "అదే నడుపుకుంటుందండీ, నేను ఊరికే తోడు వెళ్తాను" అని చెప్పాను.

ముందు బండికి ఎంత ఎడం ఉంచాలో మనమే ఎంచుకోవచ్చు. నేను అన్నిటికన్నా చిన్న ఎడం పెట్టుకున్నాను. హైదరాబాదులో ఆ చిన్న ఎడంలో కూడా ఒక ఆటో, దాని పక్కన ఒక స్కూటీ పడతాయి. అది వేరే సంగతి.

నాకు అప్‌డేట్ల పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. వెనకటి కారు షోరూం గుమ్మం దాటిన రోజునుంచీ అరగడమే గాని పెరగడం ఉండదు. ఈ కార్లు అలా కాదని చదివాను. టెస్లా వాళ్ళు 2014 అక్టోబరు నుంచి కెమెరా, రాడార్ బిగించిన కార్లు అమ్మారు. స్టీరింగు తిప్పే విద్య మాత్రం ఏడాది తరవాత, 2015 అక్టోబరులో, ఇంటి ముందు నిలిపిన కార్లలోకి గాలిలో వచ్చి చేరింది. ఇంతకన్నా నన్ను పడేసినది 2018 నాటి కథ. కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే అమెరికా పత్రిక టెస్లా మోడల్ 3ని గంటకి 60 మైళ్ళ వేగంలో బ్రేకు వేసి చూస్తే 152 అడుగులు పోయి గాని ఆగలేదట. బాగాలేదని రాశారు. కొద్ది రోజుల్లోనే కంపెనీ అప్‌డేట్ పంపింది. అదే కారు, అదే పరీక్ష, 133 అడుగులకే ఆగింది. ఒక్క బోల్టు విప్పలేదు. ఈ ముచ్చట నేను రెండు పెళ్ళిళ్ళలో, ఒక పెద్దకర్మ భోజనాల్లో చెప్పాను. మా ఆవిడ శారద మాత్రం ఒక్కసారే విని, "అయితే ముందురోజు దాకా ఎదురొచ్చిన వాళ్ళందరికీ ఆ 19 అడుగులు బాకీ పడ్డట్టేగా?" అంది. బ్యాంకులో పనిచేసింది నేను. వడ్డీ లెక్క ఆవిడకొచ్చు.

విజయవాడలో మా బామ్మర్ది గృహప్రవేశం. పొద్దున్న అయిదింటికి బయల్దేరాలి. ముందురోజు రాత్రి పదిన్నరకి ఫోను మోగింది: కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, నలభై అయిదు నిమిషాలు పడుతుంది, ఈలోగా బండి కదపరాదు. ఏమేం మారుతాయో కింద పెద్ద చిట్టా ఉంది. ఫారం కింది అక్షరాలు చదవకుండా సంతకం పెట్టించిన చేయి ఇది. నొక్కేశాను.

"తెల్లారితే ప్రయాణం పెట్టుకుని రాత్రి కొత్త చెప్పులు వేసుకుంటారా ఎవరైనా?" అంది శారద, జంతికలు డబ్బాకెత్తుతూ.

పొద్దున్న సీట్లో కూర్చోగానే మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. చూశావా, అప్‌డేట్‌లో సీటు కూడా ముందుకి జరిపారు అనుకున్నాను. ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు. సీటు వెనక్కి జరుపుకుని పోనిచ్చాను.

ఔటర్ దాటి విజయవాడ రోడ్డెక్కాక అసలు భాగోతం మొదలైంది. ముందు లారీ ఇంకా ఎక్కడో ఉండగానే బండి వేగం తగ్గించేస్తోంది. ఆ ఖాళీలో ఒక బస్సు దూరింది. బస్సుకి మర్యాద ఇచ్చి మళ్ళీ వెనక్కి తగ్గింది. ఆ ఖాళీలో మినపకట్టెల ట్రాక్టరు. చౌటుప్పల్ చేరేసరికి హైదరాబాదు నుంచి బయల్దేరిన వాహనాలన్నిటికీ నేను దారి ఇచ్చినట్టు లెక్క తేలింది. వేగం పరిమితి దాటితే ఒకటే గంటలు. స్టీరింగు మీద చేతులు ఊరికే ఆనించి కూర్చుంటే ఇదివరకు చాలాసేపు ఊరుకునేది, ఇప్పుడు లెక్కపెట్టుకున్నట్టు వెంటనే అరుస్తోంది. దానికి నా చేతులతో పనిలేదు, వాటి బరువు తెలియాలి. అందుకని స్టీరింగుని అప్పుడప్పుడూ అటూ ఇటూ గిల్లాల్సి వచ్చింది, పెళ్ళిచూపుల్లో నిద్రపోతున్న మావయ్యని గిల్లినట్టు.

లారీని దాటబోతే ఇంకో అవమానం. పక్క వరసలోకి తిప్పాను, స్టీరింగు ఒప్పుకోలేదు. పాత వెర్షన్‌లో మెల్లగా చేయి పట్టుకుని వారించేది. ఇది గట్టిగా లాగింది. ఇండికేటరు వేసి గీత దాటితే ఏమీ అనదు, వేయకపోతే నిద్రలో పక్కకి జారుతున్నాననుకుంటుంది. డ్రైవింగు మొదలెట్టిన ముప్ఫై రెండేళ్ళలో నేను ఇండికేటరు వేసింది లైసెన్సు పరీక్షనాడు ఒక్కసారే. రోడ్డు పనుల దగ్గర పాత గీత చెరపకుండా పక్కనే కొత్త గీత వేశారు. అక్కడ కారూ నేనూ చెరో గీతని నమ్ముకుని కాసేపు పెనుగులాడాం.

"ఎవర్రా ఆ అమ్మాయి? నిన్నే తిడుతున్నట్టుంది?" అంది వెనక సీట్లోంచి అమ్మ.

"ఎవరూ లేరమ్మా, కారు."

"మంచిపిల్లలా ఉంది."

సూర్యాపేటలో ఆగి ఇడ్లీ చెప్పి, కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. హోటల్లో నాలుగు బల్లల వాళ్ళు వినేలా మాట్లాడాను.

"సార్, కొత్త వెర్షన్ అప్‌డేట్ అయింది సార్. కొన్ని మార్పులుంటాయి."

"నేనడిగానా మార్చమని?"

"ఇన్‌స్టాల్ మీరే నొక్కారు కదా సార్."

"మీ మేనేజరుకివ్వండి."

"సార్ ఇప్పుడు లేరు సార్. రేపు చేయండి సార్."

ఆ గొంతులోని వినయం నాకు బాగా పరిచయం. పన్నెండేళ్ళు కౌంటరు ఇవతల కూర్చుని నేను వాడింది అదే. ఆ అమ్మాయి పక్కన కాఫీ చల్లారుతోందేమో అని కూడా అనిపించింది. ఫోన్ పెట్టేశాను.

శారద చట్నీ గిన్నె నా వైపు జరిపి, "చేతుల సంగతీ, ఇండికేటరు సంగతీ అప్‌డేటేనండీ. రాత్రి ఆ చిట్టా నేను చదివాను. మిగతావి కాదు" అంది.

"మరి?"

"నిన్న సాయంత్రం రైతుబజారుకి నేను తీసుకెళ్ళాను కదా. బండి నా పేరు మీదే ఉండిపోయింది. సీటు నాది, ఎడం నాది, ఆ గంటలూ నావే."

కారులో ఎవరి అలవాట్లు వాళ్ళకి దాచిపెట్టుకునే వీలుంది. తెర మీద రెండు పేర్లుంటాయి, పైన నాది, కింద శారదది. ఎవరు నడిపితే వాళ్ళ పేరు నొక్కుకోవాలి. ఈ సంగతి కారు కొన్న రోజున ఆవిడకి నేర్పింది నేనే.

"నీకెప్పుడు తెలిసింది?"

"పంతంగి టోల్‌గేటు దగ్గర."

"చెప్పలేదేం?"

"మీరు నడిపే బండిలో అత్తయ్యగారు కునుకు తీయడం ఇదే మొదటిసారి. ఎందుకు చెడగొట్టడం అని."

ఆ రాత్రి బామ్మర్ది ఇంటి డాబా మీద పడుకుని ఫోనులో సాక్ష్యాలు వెతికాను. మొత్తం నా తప్పేనంటే ఒప్పుకునే మనిషిని కాను. దొరికాయి. 2021 అక్టోబరులో టెస్లా ఒక పరీక్షా వెర్షన్ పంపితే, కొన్ని కార్లు నిద్రాణస్థితిలోంచి లేచాక లోపలి రెండు చిప్పులకీ మాట కలవక, ఎదురుగా ఏమీ లేకపోయినా గుద్దేస్తున్నట్టు హెచ్చరించి బ్రేకులు వేశాయి. 11,704 కార్లకి సరిచేసి మళ్ళీ పంపారు. లేవగానే కాఫీ పడేదాకా మా ఇంట్లోనూ రెండు చిప్పులకీ మాట కలవదు గనక దీన్ని నేను క్షమించాను. ఇంకో వెర్షన్‌లో ఆగమన్న బోర్డు దగ్గర పూర్తిగా ఆగకుండా, గంటకి 9 కిలోమీటర్ల లోపు వేగంతో పాకుతూ దాటిపోవడం నేర్పారు. 2022లో అమెరికా ప్రభుత్వం 53,822 కార్లకి ఆ బుద్ధి మాన్పించింది.

"పాకుతూ పోయినందుకా బావగారూ?" అన్నాడు బామ్మర్ది, మా బెజవాడలో అలాంటివాడికి సన్మానం చేస్తాం అన్నట్టు.

2023 డిసెంబరులో 20 లక్షలకి పైగా కార్లని రీకాల్ చేశారు. రీకాల్ అంటే కార్లన్నీ వరసగట్టి వెనక్కి పోతాయనుకున్నాను. ఏ కారూ వాకిలి దాటలేదు. డ్రైవరు రోడ్డు చూడకపోతే ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త తరచుగా హెచ్చరించమని అప్‌డేట్ పోయింది, అంతే. అంటే నా కారుకి నిన్న వచ్చిన జబ్బు అక్కడ మందట. ఆ మరుసటేడు మొదట్లో ఇంచుమించు 22 లక్షల కార్లకి మరో రీకాల్, ఎందుకో తెలుసా? బ్రేకు, పార్కింగు హెచ్చరికల అక్షరాలు చిన్నవిగా ఉన్నాయట. 3.2 మిల్లీమీటర్లన్నా ఉండాలని అక్కడి రూలు.

ఇది పైకి చదవకుండా ఉండాల్సింది. చీకట్లోంచి శారద, "మీ బ్యాంకు ఫారాల కింద అక్షరాలు ఎన్ని మిల్లీమీటర్లండీ?" అంది.

మర్నాడు గృహప్రవేశం, భోజనాలు అయ్యాక తిరుగుప్రయాణం. సామాను సర్ది, డ్రైవింగు సీట్లో కూర్చుని, దర్జాగా నా పేరు నొక్కాను. సీటు వెనక్కి జరిగింది. కాళ్ళు చాపుకున్నాను. అమ్మ వెనక ఎక్కి, కొంగు సర్దుకుని, తలుపు వేసుకుంది.

"ఒరేయ్, నిన్న వచ్చిన బండి పెట్టు."

"అది ఇదేనమ్మా. ఒకటే బండి."

"నాకు తెలీదనుకోకు. ఆ అమ్మాయి మాట్లాడే బండి. కోడలి బండి పెట్టు."

శారద కిటికీలోంచి వాళ్ళ తమ్ముడికి చేయి ఊపుతోంది, ఏమీ విననట్టే. తెర మీద రెండో పేరు నొక్కాను. సీటు మెల్లగా ముందుకి కదిలి, నా మోకాళ్ళని స్టీరింగుకి ఆనించి, ఆగింది.