బండి చాయ నిలుచు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

ముందు పోవు లారి మోపున కెడమిచ్చి
తడిపి పిదప పురుగు తలగఁజేసి
పొడిగ దుమ్ము మీద పొరలనీయక గుడ్డ
సాగువాని బండి చాయ నిలుచు.

అవతారిక

లోకంలో పద్యం ముందు పుడుతుంది, వ్యాఖ్యాతలు తర్వాత దాని మీద పడతారు. ఈ ఆటవెలది విషయంలో క్రమం తిరగబడింది. టీక రాయాలన్న దురద ముందు పుట్టింది, దాన్ని తీర్చడానికి పద్యం పుట్టింది. అందుచేత పాఠభేదాల పేచీ లేదు, కవి కాలనిర్ణయం అక్కర్లేదు. దేశాన్ని మాత్రం నిర్ణయించాలి. అది సికింద్రాబాదుకు చేరిన ఏ.ఎస్. రావు నగర్, 1967లో ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు మోస్తున్న కాలనీ. ఆయన పుట్టిన మోగల్లు భీమవరం దగ్గరి ఊరు. సంక్రాంతికి ఇక్కణ్ణించి ఆ వైపు కదిలే కారు నాగారం, రాంపల్లి మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, పెద్ద అంబర్‌పేటలో దిగి, 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటుంది. బయలుదేరే ముందు యజమానికి తోచే రక్ష ఒక్కటే: ఏదో ఒక పూత పూయించడం. పద్యంలో ఆ పూత ఊసే లేదు. ఇది కవి మరుపా, అభిప్రాయమా అన్నదే విచారణీయం. అభిప్రాయమే అని ఈ టీక వాదిస్తుంది.

ప్రతిపదార్థం

ముందు పోవు = మనకన్నా ముందు పుణ్యం కట్టుకుని బయలుదేరిన; లారి మోపునకు = టార్పాలిన్ కప్పీ కప్పని కంకర, ఇసుక, సిమెంటు బరువుకు; ఎడమిచ్చి = బంపరు కనబడితే చాలదు, మూడు సెకన్ల ప్రయాణమంత దూరం వదిలి; తడిపి = నీళ్లతో నానబెట్టి; పిదప = ఆ నానుడు పూర్తయ్యాకనే (ఈ పదం మీదే అన్వయమంతా ఆధారపడి ఉంది); పురుగు = అద్దానికీ బానెట్‌కూ అంటుకుని ప్రాణం విడిచిన జీవిని; తలగఁజేసి = గోకకుండా తొలగించి; పొడిగ = పొడిపొడిగా ఉండగా; దుమ్ము మీద గుడ్డ పొరలనీయక = ఎంత మెత్తని మైక్రోఫైబరైనా సరే, దుమ్ము మీద ఆడనివ్వక; సాగువాని = ప్రయాణం చేసేవాని; బండి చాయ = కారు రంగు; నిలుచు = ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. కొత్తగా మెరుస్తుందని కవి అనలేదని గమనించాలి.

తాత్పర్యం

రంగును చెరిపేది తాకిడి. కనుక రంగును కాపాడేది మీద పూసిన వస్తువు కాదు, మధ్యన ఉంచిన ఎడం. రాయి విషయంలో ఆ ఎడం మీటర్లలో ఉంటుంది, పురుగు విషయంలోనూ దుమ్ము విషయంలోనూ నీళ్లలో ఉంటుంది.

విశేషాలు

చాయ అనేది ఎంతటి ఆస్తో ముందు తెలియాలి. కారు రంగు ఒక పొర కాదు. ఉక్కు రేకు మీద తుప్పును ఆపే పొర, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోటు. అన్నీ కలిసి సాధారణంగా 100 మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లనుకుంటే, మనం మురిసిపోయే నిగనిగ అంతా వెంట్రుకంత మందం కూడా లేని పొరలో ఉందన్నమాట. రబ్బింగ్ పాలిష్ గీతను పూడ్చదు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోటును అరగదీసి గీత లేనట్టు చేస్తుంది. అంటే ప్రతి పాలిషూ మూలధనంలోంచి తీసే ఖర్చే. గీత పడ్డాక చేసే వైద్యం కన్నా పడకుండా చూడటమే మేలని చెప్పడానికి ఇంతకన్నా ప్రమాణం అక్కర్లేదు.

ఇక ఆ పొరకు శత్రువులు ముగ్గురు. మొదటిది రాయి. కోదాడ, జగ్గయ్యపేట ప్రాంతం సిమెంటు ఫ్యాక్టరీలకు నెలవు కనుక ఆ దారిలో బరువు లారీలకు కొదవ లేదు. దెబ్బ శక్తి వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. గాల్లో ఎగిరిన కంకర ముక్కకు 60లో పోతూ తగిలితే ఒక లెక్క, 100లో పోతూ తగిలితే దానికి దాదాపు మూడింతలు. రెండోది పురుగు. పొద్దు వాలాక దాళ్వా చేల పక్కగా హెడ్‌లైట్లు వేసుకుని పోయే బండికి పురుగులు ఎదురొస్తాయి. చచ్చిన పురుగులోని మాంసకృత్తులూ ఆమ్లాలూ వేడి రేకు మీద ఎండి బిగుసుకుంటాయి. పిట్ట రెట్ట సంగతీ ఇంతే. ఎండకు మెత్తబడిన క్లియర్ కోటు, చల్లబడేటప్పుడు రెట్ట చుట్టూ ఆ ఆకారంలోనే గట్టిపడి మచ్చగా మిగులుతుంది. మూడోది దుమ్ము, ముగ్గురిలోనూ అసలు ఘాతకురాలు. మౌలాలి గుట్ట సాక్షిగా ఇది గ్రానైటు నేల. గ్రానైటు అరిగితే మిగిలే ఇసుకలో క్వార్ట్జ్ మెండు. మోహ్స్ కొలమానంలో దాని గట్టిదనం 7, గాజుదే సుమారు 5.5. గాజు కన్నా ఎంతో మెత్తనైన క్లియర్ కోటు మీద అటువంటి రేణువులను పొడిగుడ్డతో తిప్పడమంటే గరుకు కాగితంతో ముద్దు చేయడమే. దుమ్ము పట్టిన కారు మీద కవరు కప్పితే గాలికి కవరూ అదే పని చేస్తుంది.

ఆక్షేపాలు, సమాధానాలు

సెరామిక్ కోటింగ్ వేయించాం, 9హెచ్ గట్టిదనమన్నారు, ఇంకా భయమెందుకని మొదటి ఆక్షేపం. ఆ 9హెచ్ పెన్సిల్ కొలమానంలోది. పెన్సిల్ ముక్కుతో గీసి చూసే పరీక్ష అది, మోహ్స్ కొలమానంతో దానికి చుట్టరికం లేదు. పెన్సిల్‌ను ఓర్చుకున్నది క్వార్ట్జ్‌నూ ఓర్చుకుంటుందనడం తర్కం కాదు. పైగా ఆ పూత మందం మామూలుగా ఒకటి రెండు మైక్రాన్లు. దానితో కంకర ఆగదు. అయితే నీళ్లు నిలవవు, పురుగు తేలిగ్గా ఊడుతుంది, కార్నుబా మైనంతోనూ అంతే. కనుక పూత సహాయకారి, రక్షకుడు కాదు. మరి పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అంటారా? పాలియురిథేన్‌తో చేసిన ఆ పొర 150 నుంచి 200 మైక్రాన్ల మందం. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ల రెక్కలకు వాడిన పొరల వంశమే అది. చిన్న రాళ్లను నిజంగా ఆపుతుంది, ఒప్పుకోవలసిందే. కాని అది ఆపేది కూడా రాయికీ రంగుకూ మధ్య ఎడమై నిలిచే. దూరం పైసా ఖర్చు లేకుండా ఇచ్చేదాన్ని అది డబ్బు తీసుకుని ఇస్తుంది. దాని మీద ఎండిన పురుగునైనా తడపక తప్పదు.

ఎడమిస్తే పక్కవాడు దూరుతాడని రెండో ఆక్షేపం. దూరనీ, లెక్క చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్ల ఎడమంటే సుమారు 67 మీటర్లు. ఒకడు దూరినప్పుడల్లా మళ్లీ మూడు సెకన్లు వెనక్కి తగ్గితే, నలభై మంది దూరినా పోయేది రెండు నిమిషాలు. పండగ రద్దీలో పంతంగి టోల్‌గేటు అంతకన్నా ఎక్కువే తింటుంది. దాని మీద లేని కోపం దూరినవాడి మీద అనవసరం.

కారు వాడకానికే కదా, గీతలు పడితే పడనీ అన్నది వైరాగ్యపక్షం. వెంట్రుక గీతల వరకు ఈ పక్షం చెల్లుతుంది. కాని రాయి ఉక్కు దాకా దిగితే విషయం అందంలోంచి ఆయుష్షులోకి మారుతుంది. ఆ చోట తుప్పు మొదలై పక్కల రంగు కిందికి పాకుతుంది, ఉప్పుగాలి తీరంలో మరీ త్వరగా. అటువంటి మచ్చ మీద ఆలస్యం చేయక టచప్ రంగు వేయడం వైరాగ్యానికీ విరుద్ధం కాదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని ఆచరించదలచినవారికి కావలసిన సామగ్రి రెండు సీసాల నీళ్లు, రెండు మెత్తని గుడ్డలు, ముందు లారీని దాటేయాలన్న ఆత్రం లేకపోవడం. సూర్యాపేట దగ్గర టిఫినుకు ఆగినప్పుడు బానెట్ చల్లబడనిచ్చి, తడిగుడ్డను పురుగుల మీద పది నిమిషాలు పరిచి ఉంచితే ఇడ్లీ తినే లోపు సగం పని అవుతుంది. బోరు నీళ్లతో కడిగితే ఆరకముందే అద్దాలి, లేకుంటే సున్నపు మచ్చలు కొత్త శత్రువవుతాయి. దీనివల్ల పుణ్యం వస్తుందని చెప్పలేం. అమ్మకానికి పెట్టిన నాడు కొనేవాడు బానెట్ మీద వేలు పెట్టి ధర తగ్గించడానికి ఒక కారణం తక్కువవుతుంది. అంతటి ఫలం చాలనుకున్నవారే ఈ శాస్త్రానికి అధికారులు.