ప్రవేశం ఉచితం, నిష్క్రమణ కష్టం

చలికాలం వస్తే బెజవాడలో అయ్యప్ప మాలలు, పెళ్లి భోజనాలు, కళాసేవ ఒకేసారి మొదలవుతాయి. మన మంగళగిరికి ఎయిమ్స్ వచ్చింది, తాడేపల్లితో కలిపి కార్పొరేషన్ హోదా వచ్చింది. నాటకం చూడాలంటే మాత్రం ఇప్పటికీ కృష్ణ మీది వారధి దాటి బెజవాడ వెళ్లాల్సిందే. అందుకని ఈ సీజన్‌లో దాటబోయే మనవాళ్ల కోసం ఈ చిన్న గైడు.

ముందు నాట్యం సంగతి. వేదిక తుమ్మలపల్లి కళాక్షేత్రం కానివ్వండి, ఘంటసాల వారి సంగీత కళాశాల కానివ్వండి, ఆహ్వాన పత్రిక మాత్రం ఒకటే. సాయంత్రం 5.30కు కూచిపూడి నృత్య ప్రదర్శన, ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే. అందులో ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి వరసగా నవ్వుతూ ఉంటారు. ఆడబోయే పిల్లల పేర్లు కావాలంటే కళ్లజోడు తుడుచుకుని, ప్రింటింగ్ ప్రెస్ పేరు పక్కన వెతకండి.

ఆరున్నరకు జ్యోతి ప్రజ్వలన. ఫ్యాను కట్టేయమని ఒకరు, అగ్గిపెట్టె తెమ్మని మరొకరు అరుస్తుంటే, ఒక్క కొవ్వొత్తి ఏడుగురు ప్రముఖుల చేతులు మారుతుంది. ఆ తర్వాత సన్మానం. పక్కనే వెయ్యి మగ్గాల పేరున్న మంగళగిరిని పెట్టుకుని, ఏ ఊరి మిల్లులోనో పుట్టిన జిగేల్‌మనే శాలువా కప్పుతారు. కప్పిన మరుక్షణం వెనక ఉన్న కుర్రాడు దాన్ని లాగేసి మడతపెట్టి కవర్లో పెట్టేస్తాడు. ఫొటో సరిగ్గా రాలేదంటే మళ్లీ కవర్లోంచి తీసి మళ్లీ కప్పుతారు. వన్స్ మోర్ అనే మాట ఈ రోజుల్లో శాలువాకే దక్కుతోంది.

ఆ సమయంలో సైడు తెర వెనక ఓ ఎనిమిదేళ్ల సత్యభామ నాలుగింటి నుంచి మేకప్‌లో నిలబడి ఉంటుంది. పారాణి ఆరిపోయింది, కాటుక జారింది, జడ బరువుకి మెడ వంగింది. పెదాల రంగు చెదరకుండా వాళ్లమ్మ స్ట్రాతో ఫ్రూటీ తాగిస్తూ, "ఇంకొక్క సారు మాట్లాడతారు, అయిపోయిందమ్మా" అని బుజ్జగిస్తుంటుంది. ఆ ఒక్క సారు మాట్లాడేది ఏమిటంటే, కళలను బతికించుకోవాలని. నలభై నిమిషాలు బతికిస్తారు. ఆ తర్వాత మైకులో ప్రకటన: "సమయాభావం వల్ల భామాకలాపం ప్రవేశ దరువు వరకే."

మన మంగళగిరి కొండ మీది పానకాల స్వామి ఎంత పానకం పోసినా సగమే తాగి, సగం భక్తుడికి తిరిగిస్తాడు. మన సభాధ్యక్షులకు ఆ మర్యాద తెలియదు. బిందె ఖాళీ చేసి, అడుగున మిగిలిన మిరియాలు ప్రేక్షకుడికి పంచుతారు.

కళాకారులు లేరా అంటే, పుట్టిల్లు కూచిపూడి ఈ కృష్ణా తీరంలోనే ఉంది. 2016 డిసెంబరులో విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో ఆరువేల మందికి పైగా ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆడేవాళ్లకు కరువు లేదని అప్పుడే తేలిపోయింది. చివరిదాకా కూర్చుని చూసేవాళ్ల రికార్డుకి ఇంకా ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.

ఇక నాటకం. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పక్కనున్న తెనాలిలోనే పుట్టింది. అప్పటి నుంచి మనకు నాటకమంటే పోటీ, పోటీ అంటే పరిషత్తు. మధ్యాహ్నం మొదలెడితే అర్ధరాత్రి దాకా నాటికలు. హాల్లో ముగ్గురు న్యాయనిర్ణేతలు, తమ వంతు కోసం చూస్తున్న తర్వాతి సమాజం వాళ్లు, బహుమతి మనకు రాదని నిర్ధారించుకున్న ముందటి సమాజం వాళ్లు, ఏసీ కోసం వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు. అయినా సరే వెళ్లండి. సామాన్లన్నీ ఒక్క వ్యానులో వేసుకుని, సెలవు పెట్టి, సొంత డబ్బుతో వచ్చిన ఆ గుమాస్తాలు, మాస్టార్లు, లైన్‌మేన్లు ఆడే గంటలో కనీసం పది నిమిషాలు మీరు సెల్‌ఫోన్ సంగతి మరిచిపోతారు. ఈ సీజన్‌లో అంతకు మించిన అద్భుతం దొరకదు.

స్టాండప్ కామెడీకి ఇవేవీ లేవు. జ్యోతి లేదు, శాలువా లేదు, ఆత్మీయ అతిథి అసలే లేడు. ఓ కుర్రాడు, ఓ స్టూలు, ఓ మంచినీళ్ల సీసా. బుక్‌మైషోలో ఐదొందలు కట్టి వెళ్తే, "ముందు వరసలో అంకుల్, ఏం చేస్తుంటారు?" అని మొదలుపెట్టి మీ బట్టతల మీద పావుగంట లాగిస్తాడు. బీటెక్ బ్యాక్‌లాగులు, మేనమామ అమెరికా సంబంధాలు, హైదరాబాద్ ట్రాఫిక్. బెజవాడ బెంజిసర్కిల్ ట్రాఫిక్ పక్కన కూర్చుని హైదరాబాద్ ట్రాఫిక్‌కి నవ్వడం మనకే చెల్లింది. జోకు పేలకపోయినా జనం కదలరు. ఐదొందలు కట్టారు మరి.

తిరకాసు అక్కడే ఉంది. 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు ఊరూరా డేరా వేసి టికెట్లమ్మి బతికారు. పద్యనాటకాల రోజుల్లో టికెట్ కొన్నవాడు రాజు. వాడు వన్స్ మోర్ అంటే చచ్చిపడున్న పాత్ర కూడా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చేదని చెప్పుకుంటారు. స్త్రీ వేషాలు కట్టిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చిందంటే, దాని వెనక డబ్బిచ్చి చూసిన లక్షల కళ్లున్నాయి. ఇప్పుడు డబ్బిచ్చేది మనం కాదు. హాలు అద్దె ఓ దాత కట్టాడు, ఫ్లెక్సీలు ఓ నాయకుడు వేయించాడు, పిల్ల మేకప్‌కి, నగల అద్దెకి వాళ్ల నాన్న అప్పు చేశాడు. కట్టినవాడికే కదా ప్రదర్శన! దాత వేదిక మీద కూర్చుంటాడు, నాయకుడు మాట్లాడతాడు, నాన్న వీడియో తీస్తాడు. ఫ్రీగా వచ్చిన మనం చప్పట్ల కోసం పిలిచిన కూలీలం. కూలీ కూడా లేదు, టీ మాత్రం ఇస్తారు.

నివారణోపాయం ఒకటుంది. ప్రసంగానికి నిమిషానికి వెయ్యి రూపాయలు, శాలువాకి ఐదువేలు, వేదిక మీద కుర్చీకి పదివేలు టికెట్ పెట్టండి. ఒక్క సీజన్‌లో కళాక్షేత్రం కుర్చీలన్నీ మార్చేయొచ్చు. మరీ ఖరీదైతే వక్తలే తగ్గుతారు, అదీ లాభమే.

అది కుదరదంటే రెండో దారి: నాట్యానికి, నాటకానికి వంద రూపాయల టికెట్. వంద కట్టినవాడు ఆరు దాటితే గడియారం చూస్తాడు, ఆరుంబావుకి కేకలేస్తాడు, సభాధ్యక్షుడు మైకు వదిలేస్తాడు. ఇదే మాట మొన్న మా వీధిలో కళాభిమానులంతా కూర్చున్న అరుగు మీద చెప్పాను. అందరూ భేషన్నారు. కళకు విలువ ఇవ్వాల్సిందేనన్నారు. వంద రూపాయలు ఒక లెక్కా అన్నారు. ఆ పైన వాళ్లలో పెద్దాయన నన్ను పక్కకి తీసుకెళ్లి మెల్లిగా అడిగారు: "అన్నట్టు, పాసులేమైనా ఉంటాయా?"