ఏడు వందల కోట్ల చక్కర్లు

2023 ఫిబ్రవరి 11, శనివారం. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు కరెంటు కార్లు గిర్రున తిరిగాయి. పొగ లేదు, పెద్దగా మోతా లేదు. మోత తర్వాత మొదలైంది: ఆ ఒక్క రేసుతో హైదరాబాద్‌కు దాదాపు 700 కోట్ల లబ్ధి చేకూరిందని నీల్సన్ సంస్థ నివేదిక తేల్చింది. నగర జనాభా కోటి అనుకుంటే తలకి 700 రూపాయలు. నా వాటా సంగతి సరే, ఓటీపీ కూడా రాలేదు.

ఇలాంటి లెక్కల్లో ఒడుపంతా ఒక్కటే. వచ్చిన రూపాయిని నాలుగుసార్లు లెక్కపెట్టాలి, ఆగిపోయిన రూపాయి జోలికి పోకూడదు. బయటినుంచి వచ్చినాయన గది అద్దె కట్టాడు, హోటలాయన కూరగాయలు కొన్నాడు, కూరగాయలాయన ఆటో ఎక్కాడు, ఆటోవాలా చాయ్ తాగాడు. అడుగడుగునా కూడికే. బాగుంది. మరి రేసు కోసం ఎన్టీఆర్ మార్గ్ మూసేస్తే అక్కడ మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకునే ఆవిడ కుంపటి రాజుకోలేదే! ఆవిడా ఆటో ఎక్కలేదు, ఆ ఆటోవాలా చాయ్ తాగలేదు. ఆ తాగని చాయ్‌కి పట్టికలో గడి లేదు. కరెంటు కార్ల కోసం దారి మళ్లించగా ఖైరతాబాద్‌లో ఇరుక్కున్నవాళ్లు తగలేసిన పెట్రోలు మాత్రం అమ్మకమే కదా, లబ్ధి కిందే పడి ఉంటుంది.

టికెట్ కొన్న మన ఊరివాళ్లు రేసు లేకపోతే ఆ డబ్బుతో పక్కనే ఉన్న ప్రసాద్స్ మల్టీప్లెక్స్‌లో సినిమా చూసేవాళ్లు. లెక్క ఇదే అయినా, వీధికి అడ్డంగా షామియానా వేసి పెళ్లి చేసినవాళ్లెవరూ బ్యాండు, పూలు, భోజనాలు కూడి ‘వీధికి పది లక్షల లబ్ధి’ అని ఇంకా ప్రకటించుకోలేదు. పాపం, తెలియక.

అదే ఏడాది సెప్టెంబర్ 29న ఉప్పల్‌లో పాకిస్థాన్, న్యూజిలాండ్ ప్రపంచకప్ వార్మప్ మ్యాచ్ ఆడాయి. పండగల బందోబస్తు ఉందని ప్రేక్షకుల్ని రానివ్వలేదు. ఆ కప్పుతో దేశానికి 139 కోట్ల డాలర్ల లబ్ధి అని ఐసీసీ ప్రకటించింది. ఖాళీ కుర్చీలు కూడా తమ వంతు ఖర్చు పెట్టాయేమో.

2024 ఫిబ్రవరిలో రెండో రేసు జరగాల్సింది. ప్రభుత్వం మారింది, జనవరిలో రేసు రద్దయింది. జరిగితే 700 కోట్లు వచ్చేటప్పుడు, ఆగితే 700 కోట్లు పోవాలి. పోయాయని లబోదిబోమన్న దుకాణదారు ఒక్కడూ నాకు తగల్లేదు. పోయిందని తెలిసింది ఒక్కటే, ఆ జరగని రేసు కోసం నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెల్లించిన సుమారు 55 కోట్లు. ఆ లెక్క చూడ్డానికి నీల్సన్ రాలేదు, ఏసీబీ వచ్చింది.