కాగల కార్యం కంప్యూటరే తీరుస్తుందట!

"ఒకసారి సెట్ చేసేయండి, ఇక మరిచిపోండి." బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు అమ్మేవాళ్ళు కొంచెం అటూ ఇటూగా చెప్పే మాట ఇదే. అందులో రెండో సగాన్ని మనవాళ్ళు తు.చ. తప్పకుండా పాటిస్తారు. కాగల కార్యం గంధర్వులే తీరుస్తారన్న భరోసా మనకు భారతం నాటి నుంచీ ఉన్నదే. ఇంటిల్లిపాదీ నిద్రపోయాక, రాత్రి రెండింటికి ఆ గంధర్వులు చప్పుడు చేయకుండా దిగి, పిల్లల ఫొటోలు, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాల స్కాన్లు, పదేళ్ళ ఐటీ రిటర్నులు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి మోసి, సర్ది పోతారన్నది దానికి కొత్త కూర్పు. ఇంటి కంప్యూటర్లో నిజంగా ఆటోమేటిక్‌గా జరిగేది ఒక్కటే, మన నిశ్చింత. కాపీ జరిగినా జరగకపోయినా అది మాత్రం ప్రతి రాత్రీ ఠంచనుగా జరిగిపోతుంది. జరగని బ్యాకప్ కంటే, జరుగుతోందనుకునే బ్యాకప్ వల్లే ఎక్కువ నష్టం. బ్యాకప్ లేదని తెలిసినవాడు కనీసం భయపడుతూ అయినా ఉంటాడు.

విండోస్‌లో ఈ రాత్రి డ్యూటీలు చూసేదాని పేరు టాస్క్ షెడ్యూలర్. ఫలానా వేళకు బ్యాకప్ నడపమని అందులో ఒక పని రాసిపెట్టి, మిగతావేవీ ముట్టుకోకుండా వదిలేశారనుకోండి. కంపెనీ ముందే టిక్కు పెట్టి ఇచ్చిన షరతులు రెండు: కంప్యూటర్ కరెంటు మీద ఉంటేనే పని మొదలుపెట్టాలి, మధ్యలో బ్యాటరీ మీదికి మారితే పని ఆపేయాలి. టిక్కు పెట్టకుండా వదిలేసినవి ఇంకా ముచ్చటైనవి: నిద్రలో ఉన్న కంప్యూటర్ని లేపి పని చేయించడం, తప్పిపోయిన పనిని వీలైనంత త్వరగా పూర్తిచేయడం. అంటే రాత్రి రెండింటికి ల్యాప్‌టాప్ మూత వేసి ఉంటే బ్యాకప్ జరగదు. పొద్దున మూత తీసినప్పుడు నిన్నటి బాకీ ఊసెత్తదు. మళ్ళీ రాత్రి రెండింటి దాకా ఆగుతుంది, అప్పటికీ మూత వేసే ఉంటుంది. ల్యాప్‌టాప్ తెరిచి ఉంచి, ఛార్జర్ తగిలించి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ గుచ్చి పడుకునే సంసారులు ఎందరుంటారు? ఉన్నారనే అనుకుందాం. వేసవిలో మన ఊళ్ళలో కరెంటు పోయిన క్షణాన ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారుతుంది, సగంలో ఉన్న బ్యాకప్ రెండో షరతు ప్రకారం చేతులెత్తేస్తుంది. ఇంతకీ ఏమైందో చూద్దామని హిస్టరీ ట్యాబ్ దగ్గరికి వెళితే, దాని పేరు పక్కనే 'డిసేబుల్డ్' అని కనిపిస్తుంది. చరిత్ర రాయొద్దని మొదట్నుంచీ ఆపి ఉంచారన్న మాట. తర్వాతి సారి ఎప్పుడో చెప్పే గడిలో మాత్రం రేపటి తేదీ, రెండు గంటల సమయం నిగనిగలాడుతూ ఉంటాయి.

ఇవి మొదలే కాని బ్యాకప్‌ల కథలు. మొదలై కూలిపోయేవి వేరే. మనం లాగిన్ అయి ఉన్నా లేకున్నా పని నడవాలని ఎంచుకుంటే షెడ్యూలర్ మన పాస్‌వర్డ్ దాచుకుంటుంది. ఏదో సైబర్ నేరం వార్త చదివి పాస్‌వర్డ్ మార్చామా, అది పాతదానితోనే తలుపు తట్టి, 8007052ఇ అన్న నంబరు వేసుకుని వెనక్కి పోతుంది. పెన్‌డ్రైవ్ గుచ్చి ఉండగా ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తగిలిస్తే, నిన్న ఎఫ్ అన్న పేరుతో ఉన్నది ఇవాళ జి కావచ్చు, ఎఫ్ అన్న పేరు పెన్‌డ్రైవ్‌కు పోవచ్చు. బ్యాచ్ ఫైలు రాసుకుని కాపీ చేయించుకునే తెలివైనవారి బ్యాకప్ అప్పుడు పెన్‌డ్రైవ్ నిండేదాకా అందులో పోసి, ఆ తర్వాత చోటు చాలలేదంటుంది. చోటు చాలకపోవడంలో అందరికంటే గడుసుది విండోస్ సొంత బ్యాకప్ చూపే 80780119 అన్న ఎర్రర్. ఎదురుగా ఒక టీబీ డ్రైవ్ కొత్తది, ఖాళీగా ఉంటుంది. అయినా చోటు లేదంటుంది. విషయమేమిటంటే, కాపీ తీసేముందు ప్రతి పార్టిషన్‌లోనూ షాడో కాపీ కోసం, అంటే ఆ క్షణానికి ఫైళ్ళు ఎలా ఉన్నాయో పట్టి ఉంచే నకలు కోసం, కొంత ఖాళీ కావాలి: 500 ఎంబీ లోపు పార్టిషన్ అయితే 50 ఎంబీ, అంతకు మించినదైతే 320 ఎంబీ. విండోస్ 7 తనకోసం 100 ఎంబీల పార్టిషన్ ఒకటి చేసి దాచుకునేది. అది ఫైల్ ఎక్స్‌ప్లోరర్లో కనపడదు. అందులో 50 ఎంబీ ఖాళీ లేకపోతే మీ టీబీ ఎందుకూ కొరగాదు. కంటికి కనపడని గదిలో చోటు లేదని చెప్పే సందేశంలో ఆ గది పేరు మాత్రం ఉండదు.

రోబోకాపీ సంగతి చెప్పకపోతే అన్యాయం. విండోస్‌తోపాటే వచ్చే కాపీ సాధనమిది, మంచిదే. ఫైళ్ళు చక్కగా కాపీ అయితే అది తిరిగిచ్చే అంకె ఒకటి, ఒక్క ఫైలూ కాపీ చేయాల్సిన పని లేకపోతే సున్నా. టాస్క్ షెడ్యూలర్‌కు మాత్రం సున్నా అంటే విజయం, మిగిలిన అంకెలు కనపడగానే మామూలు మనిషికి గుండె గుభేలు. కాబట్టి పని జరిగిన రాత్రి ఏదో చెడిందని పొద్దున్నే మరమ్మతు మొదలుపెడతాం. తప్పు ఫోల్డర్ చూపించినందువల్ల నెలల తరబడి కొత్త ఫైలు ఒక్కటీ కాపీ కాకపోతే, వరసగా సున్నాలు చూసి మురిసిపోతాం.

ఇక మరమ్మతు సలహాలు. కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి, యాంటీవైరస్ కాసేపు ఆపండి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి, నల్ల కిటికీ తెరిచి ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ అన్న కమాండ్ కొట్టండి. జ్వరమొచ్చినా, బెణికినా, ఉద్యోగం పోయినా ఇదే తీర్థం. ఈ వరస ఫలించకపోతే వచ్చే చివరి సలహా మరీ ఘనమైనది: పాత బ్యాకప్ మొత్తం చెరిపేసి కొత్తగా మొదలుపెట్టండి. దేన్ని కాపాడుకోవడానికి ఇంత తంటాలు పడుతున్నామో దాన్ని మన చేత్తోనే చెరిపించి, ఆకుపచ్చ టిక్కు ప్రత్యక్షమవగానే సమస్య తీరిందని ప్రకటిస్తారు. ఈ సలహాలన్నీ ఎర్రర్ పోగొట్టడానికి పుట్టినవి. ఫైలు దక్కిందా లేదా అన్న ప్రశ్న వాటిలో ఎక్కడా రాదు. పాత పాస్‌వర్డ్, మారిన డ్రైవ్ అక్షరం, బ్యాటరీ షరతు, ఈ మూడూ చూస్తే చాలా కేసులు తేలిపోతాయి. కానీ వాటిని చూడాలంటే ముందు బ్యాకప్ పడిపోయిందని మనకు తెలియాలి కదా, అక్కడే వచ్చింది చిక్కు. దొంగలు పడ్డ రాత్రి ఈల వేయకుండా, ఆ సంగతి నోటుబుక్కులో రాసి, బుక్కు బీరువాలో పెట్టి, ఒకటో తారీఖున మామూలుగా వచ్చి నెల డబ్బులు అడిగే గూర్ఖాను ఏ వీధివాళ్ళయినా భరిస్తారా? కంప్యూటర్లో అతనికి ఈవెంట్ లాగ్ అని పేరు పెట్టి భరిస్తున్నాం.

అన్నీ సవ్యంగా నడిచినా కాపీ అవుతున్నదేమిటన్నది ఇంకో ప్రశ్న. మన దగ్గర కంప్యూటర్ అసెంబుల్ చేసి ఇచ్చే ఎవరైనా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అయినా మన వీధి చివరి షాపులో అయినా, డిస్క్‌ను సి, డి అని రెండు ముక్కలు చేసి ఇస్తారు. "ముఖ్యమైనవన్నీ డి లో పెట్టుకోండి సార్, సి ఫార్మాట్ కొట్టినా డి కి ఏం కాదు" అన్నది తోడుగా వచ్చే ఉపదేశం. ఫార్మాట్ వరకూ ఆ మాట నిజమే. డిస్క్ పోతే సి, డి అన్నదమ్ముల్లా కలిసే పోతాయి. డి లోకే బ్యాకప్ తీసుకునేవాళ్ళు కోకొల్లలు. మరి 2012లో విండోస్ 8తో వచ్చిన ఫైల్ హిస్టరీ ఏం చేస్తుంది? డాక్యుమెంట్లు, చిత్రాలు వంటి లైబ్రరీలు, డెస్క్‌టాప్, కాంటాక్టులు, ఫేవరెట్లు, వీటిని గంటకోసారి చక్కగా కాపీ తీస్తుంది. డి డ్రైవ్‌లో నేరుగా పెట్టుకున్న ఫోల్డర్లను, మనం ప్రత్యేకంగా చేర్చకపోతే, కన్నెత్తి చూడదు. ఇంట్లో నాలుగు షాపుల లెక్కలు రాసే అకౌంటెంటు సంగతి ఆలోచించండి. టాలీ ఈఆర్‌పీ 9 మామూలుగా తన డేటాను సి డ్రైవ్‌లో తన సొంత ఫోల్డర్‌లోనే పెట్టుకునేది, డాక్యుమెంట్లలో కాదు. ఫైల్ హిస్టరీ ఆయన డెస్క్‌టాప్ మీది దేవుడి వాల్‌పేపర్‌ను గంట గంటకూ భద్రంగా కాపాడుతుంటుంది. జీఎస్టీ లెక్కలు గాలికి ఉంటాయి.

ఇదంతా ఇంట్లోవాళ్ళ అజ్ఞానం, తెలిసినవాళ్ళు జాగ్రత్తగానే ఉంటారంటారా? ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరచడమే వ్యాపారంగా పెట్టుకున్న గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే చెరిపేశారు. ఆపేసరికి 300 జీబీలలో మిగిలింది నాలుగున్నర జీబీ. బ్యాకప్‌ల కోసం వెతికితే, రోజూ నడవాల్సిన ఆటోమేటిక్ బ్యాకప్ ఒక వెర్షన్ తేడా వల్ల నడవడం లేదని, కాపీలు ఉండాల్సిన చోట ఖాళీ ఉందని తేలింది. నడవడం లేదని చెప్పే ఈమెయిళ్ళు వెళ్తూనే ఉన్నాయి, కానీ వాటిని మెయిల్ సర్వరే తిప్పికొడుతోంది. చివరికి ఆదుకున్నది, ఆ రోజే వేరే పని కోసం ఒక మనిషి తన చేత్తో తీసిపెట్టిన, ఆరు గంటల కిందటి కాపీ. ఆ ఆరు గంటల్లో చేరిన దాదాపు 700 మంది వినియోగదారుల వివరాలు పోయాయి. ఆ సంస్థ ఇదంతా దాచకుండా తానే ప్రపంచానికి చెప్పుకుంది, అందుకు మెచ్చుకోవాలి. ఇరవై నాలుగు గంటలూ కళ్ళప్పగించి చూసే ఇంజనీర్లున్న చోట ఇలా ఉంటే, మనింట్లో రాత్రి రెండింటికి ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

దీనికి వచ్చే మొదటి జవాబు నాకు తెలుసు. చేత్తో చేసే బ్యాకప్ ఎవరికి గుర్తుంటుంది, అప్పుడప్పుడు తప్పినా ఆటోమేటిక్కే నయం కదా అంటారు. ఇందులో పస ఉంది. కాపీ తీయడం యంత్రానికే అప్పగించాలి, మనిషి బద్ధకం మీద నమ్మకం పెట్టడం తెలివితక్కువ. నా తగాదా రెండో పని గురించి, అంటే కాపీ వచ్చిందా అని చూడడం గురించి. దాన్ని కూడా అదే యంత్రానికి అప్పజెప్పి, పరీక్ష రాసినవాడి చేతే పేపరు దిద్దిస్తున్నాం. మొదలే కాని బ్యాకప్ తాను మొదలవలేదని సందేశం పంపలేదు. అందుకే విజయం కబురు రోజూ రావాలి, రాని రోజున మనిషి లేచి చూడాలి. కబురు లేదంటే క్షేమమనుకునే మన పాత అలవాటు ఇక్కడ పనికిరాదు.

రెండో జవాబు క్లౌడ్. ఇప్పుడు ఈ డ్రైవుల గోలెందుకు, అన్నీ మేఘాల్లోకి పోతున్నాయిగా అంటారు. మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ ఊరికే ఇచ్చేది 5 జీబీ. ఒక పెళ్ళి వీడియో చాలు అది నిండడానికి. నిండాక కొత్తవి ఎక్కడం ఆగిపోతుంది. చోటు కొనుక్కున్నా సింక్ అనేది బ్యాకప్ కాదు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది, ఇక్కడ పాడైన ఫైలు అక్కడా అదే పాడు రూపంలో వెలుస్తుంది. చెరిపినవి సొంత ఖాతాల్లో 30 రోజులు చెత్తబుట్టలో ఉంటాయి నిజమే. పిల్లాడు ఆటలో చెరిపేసిన ఫోల్డర్ సంగతి మనకు తెలిసేది మాత్రం ఏడాది తర్వాత పుట్టినరోజుకు పాత ఫొటోలు వెతికినప్పుడు.

వాడేవాళ్ళదే తప్పు, డ్రైవ్ తగిలించమని అడిగినా తగిలించరు అన్నది మూడో జవాబు. సరే, ఎప్పుడూ తగిలించే ఉంచామనుకుందాం. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకి, ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లను కూడా పట్టుకుంది. కంప్యూటర్లోని ఫైళ్ళకే కాదు, దానికి తగిలించి ఉన్న డ్రైవుల్లోని వాటికీ తాళం వేసింది, విండోస్ దాచుకున్న షాడో కాపీలను తుడిచిపెట్టింది. డ్రైవ్ ఊడదీస్తే బ్యాకప్ నడవదు, తగిలించి ఉంచితే బ్యాకప్ బతకదు. ఇందులో వాడేవాడి తప్పు ఎక్కడుందో ఆ పెద్దలే చెప్పాలి. రెండు డ్రైవులు పెట్టుకుని మార్చి మార్చి తగిలించి, ఒకటి వేరే ఇంట్లో ఉంచడమే దీనికి విరుగుడు. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ఏనాడో ప్రచారంలోకి తెచ్చిన లెక్క కూడా ఇంచుమించు అదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట. అందులో 'మరిచిపోండి' అన్న అంకె లేదు.

తయారీదారులకే తమ సరుకు మీద ఎంత నమ్మకమో చూడండి. విండోస్ 10, 11లలో కూడా కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే 'బ్యాకప్ అండ్ రీస్టోర్, విండోస్ 7' అన్న పేరుతో ఒక బొమ్మ కనపడుతుంది. విండోస్ 7కు కంపెనీ 2020 జనవరిలోనే నీళ్ళొదిలింది. ఆ బొమ్మ వెనకున్న సిస్టమ్ ఇమేజ్ బ్యాకప్‌ను ఇక అభివృద్ధి చేయబోమని, వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్ చూసుకోమని 2017లోనే చెప్పేసింది. బొమ్మను మాత్రం తీయలేదు. నొక్కితే తెరుచుకుంటుంది, షెడ్యూలు అడుగుతుంది, ఒప్పుకుంటుంది.

ఏటా మార్చి 31న ప్రపంచ బ్యాకప్ దినోత్సవం జరుపుతున్నారు. ఏప్రిల్ ఫూల్ కావద్దని హెచ్చరించడానికి ముందురోజు పెట్టారట. ఆ రోజున అందరూ బ్యాకప్ తీస్తారు, తీశామని ఫొటో పెడతారు. రీస్టోర్ దినోత్సవం మాత్రం ఎవరూ పెట్టలేదు. పెడితే సాఫ్ట్‌వేర్ల పరువు పోతుంది కాబోలు. నాలుగు పాత ఫైళ్ళు, ఒక ఫొటో, ఒక స్కాన్, ఒక టాలీ కంపెనీ, ఒక వీడియో, వేరే కంప్యూటర్లోకి తిరిగి తెచ్చి తెరిచి చూడమనండి, ప్రకటనల్లోని సగం ధీమా అక్కడే కరిగిపోతుంది. ఆ ప్రకటనల్లో సెటప్‌కు మూడే క్లిక్కులని రాస్తారు. తిరిగి తెచ్చుకోవడానికి ఎంతసేపో రాయరు కాబట్టి లెక్క వేద్దాం. సెకనుకు 50 మెగాబిట్ల ఇంటర్నెట్ కనెక్షన్ ఒక్క క్షణం కూడా తగ్గకుండా ఇస్తే, క్లౌడ్ నుంచి ఒక టీబీ దిగడానికి దాదాపు 44 గంటలు. మధ్యలో కరెంటు పోకపోతేనే సుమా.