కారుకీ కావాలొక కాంటూరు

సినీ నటుడు దుల్కర్ సల్మాన్‌గారి దగ్గర పట్టుకున్న డిఫెండర్ కారును తాత్కాలికంగా వదిలిపెట్టే సంగతి పరిశీలించమని కేరళ హైకోర్టు కస్టమ్స్‌వారికి చెప్పిందని చదివాక, కొల్లేరువాడిగా నాకు తల కొట్టేసినట్టయింది. ఇంత చిన్న పనికి హైకోర్టు దాకా పోవాలా? కొచ్చిలో రైలెక్కి ఏలూరులో దిగితే, పెదఎడ్లగాడి వంతెన దాటేలోపు మావాళ్ళు ఆయన్ను యజమానిని చేసి పంపేవాళ్ళు.

ఆయన తప్పు చేశాడని నేననను. నమ్మి కొన్నానన్నారు, కొనే ఉంటారు. 2025 సెప్టెంబరు 23న మొదలైన కస్టమ్స్ దాడుల్లో దొరికిన మిగతా కార్లదీ ఇంచుమించు అదే కథ. భూటాన్ నుంచి సుంకం కట్టకుండా వచ్చాయనీ, సైన్యం పేరుతో, రాయబార కార్యాలయాల పేరుతో దొంగ కాగితాలు పుట్టించి హిమాచల్‌లో నంబరు వేయించారనీ కస్టమ్స్ మాట. మన హైదరాబాద్ మాత్రం తక్కువ తిందా? అదే ఏడాది మే నెలలో రెవెన్యూ నిఘా విభాగం డీఆర్‌ఐ ఒక డీలరును పట్టుకుంది. అమెరికా, జపాన్ కార్లు దుబాయ్‌లోనో శ్రీలంకలోనో ఆగి, స్టీరింగు ఎడమ నుంచి కుడికి మార్పించుకుని, అసలు ధరకు తక్కువ రాయించుకుని దిగాయని అభియోగం. మరి ఇప్పుడా బళ్ళు ఎవరివి? అమ్మినవాడివా, కొన్నవాడివా, సర్కారువా?

1930 నాటి సరుకుల విక్రయ చట్టం 27వ సెక్షన్ అయితే మొహమాటం లేకుండా చెబుతుంది: అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఎవడో ఎత్తుకొచ్చిన ఉల్లిపాయల బస్తా మీరు నిక్షేపంగా డబ్బిచ్చి కొన్నా, అసలువాడు వచ్చి అడిగితే ఇచ్చెయ్యాల్సిందే. మినహాయింపులు కొన్ని ఉన్నాయి గానీ దొంగ సొత్తుకు అవి పనికిరావు. అదే కస్టమ్స్ చట్టం 125వ సెక్షన్‌కు వచ్చేసరికి మనసు కాస్త మెత్తబడుతుంది. జప్తు చేసిన సరుకును జరిమానా కట్టి విడిపించుకునే అవకాశం యజమానికి ఇవ్వొచ్చు. యజమాని ఎవరో తెలియకపోతే, అది ఎవరి చేతిలో దొరికిందో వాళ్ళకే ఇవ్వొచ్చు. ఈ రెండో ముక్క చదివి నేను లేచి నిలబడ్డాను. ఇది రాసినాయన కచ్చితంగా కైకలూరు అల్లుడై ఉంటాడు.

ఎందుకంటే మా కొల్లేరు సరస్సుకు అమలవుతున్నది ఇదే. 1999లో +5 అడుగుల ఎత్తు గీత (కాంటూరు) దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. కాగితం మీద యజమాని సర్కారు. చేపల చెరువు మాత్రం గట్టు వేసినవాడిది. కాబట్టి కారు బాబులు ముందుగా చేయాల్సింది గట్టు వేయడం. రాత్రికి రాత్రి పొక్లెయిన్ తెచ్చి బండి చుట్టూ నాలుగడుగుల మట్టి పోయించండి. అద్దాలు దించి లోపలికి నీళ్ళు పెట్టండి. వెనక సీట్లో బొచ్చె, ముందు సీట్లో శీలావతి, డిక్కీలో మేత బస్తాలు. ఏసీ ఉండనే ఉంది, ఏరేటర్ ఖర్చు కూడా కలిసొస్తుంది. పంట పడ్డాక అది కారని నిరూపించాల్సిన బాధ్యత కస్టమ్స్‌వారిది. ఈలోగా 'ఆక్వా రైతు పొట్ట కొడుతున్నారు' అని ఏలూరు కలెక్టరేట్ ముందు ఒక ధర్నా.

అంతటితో ఆగితే మనం కొల్లేరువాళ్ళం ఎలా అవుతాం? తరువాతి మెట్టు కాంటూరు తగ్గింపు. కారు మొత్తం జప్తు అంటే అన్యాయం కదండీ. +5 నుంచి +3కి దించమని అడగాలి. అంటే టైర్లు, బంపరు, నంబరు ప్లేటు సర్కారువి. సీట్ల నుంచి పైన ఉన్నదంతా ప్రజలది. సన్‌రూఫ్ అయితే జిరాయితీ. అసెంబ్లీలో తీర్మానం పెట్టండి, అధికారపక్షం, ప్రతిపక్షం ఒకే గొంతుతో బల్లలు చరుస్తాయి. అనుమానముంటే 2008 నాటి మా కొల్లేరు తీర్మానం తిరగెయ్యండి. ఢిల్లీ నుంచి కమిటీ వస్తే భయపడకండి. మాకు ఎన్ని రాలేదు! ఆటపాకలో పెలికాన్లను చూపించి, పులస దొరక్కపోతే కొర్రమీను పులుసు పెట్టి పంపించాం.

ఇక బినామీ విద్య. హిమాచల్‌లో ఎవరి పేరో, కొచ్చిలో ఎవరి స్టీరింగో అని అంత ఆశ్చర్యపోతున్నారే, ఆ చదువులో మాది తొలి బ్యాచి. 1976లో అప్పటి ముఖ్యమంత్రి వెంగళరావుగారి ప్రభుత్వం లంక గ్రామాల మత్స్యకార సంఘాలకు చెరువులు ఇచ్చింది. కాగితం సంఘానిది. కొన్నాళ్ళకు పెట్టుబడి బయటి ఊళ్ళ నుంచి వచ్చింది, లీజు రాసుకుంది, సభ్యుడు వేలిముద్ర వేశాడు. ఇప్పుడు అతను ఆ గట్టు మీదే తాటాకు పాకలో కాపలా ఉంటాడు. తెల్లవారుజామున చలికి దుప్పటి కప్పుకుని, చేపల మీద వాలే కొంగల్ని టపాకాయలు పేల్చి తోలుతాడు. కాగితం ప్రకారం ఆ చేప అతనిదే. కూరకు ఒకటి పట్టుకుంటే మాత్రం దొంగ.

2006లో సర్కారు ఆపరేషన్ కొల్లేరు అని మందు పెట్టి గట్లు పేల్చినప్పుడు అతనికి షోకాజ్ నోటీసు ఇచ్చి, లాయర్ని పెట్టుకునే గడువిచ్చి, పూచీకత్తు మీద చెరువు తాత్కాలికంగా వదిలిపెట్టిన అధికారి ఎవరయ్యా? నమ్మి వేలిముద్ర వేశాను బాబూ అన్నవాడి మాట ఏ బెంచి వింది? లీజు రాసుకున్న మహానుభావులు మళ్ళీ మిషన్లతో వచ్చి మళ్ళీ గట్లు లేపారు. 2024లో బుడమేరు వరద కొల్లేట్లోకి దిగి ఉప్పుటేరు లాగలేకపోతే, నీళ్ళు నిలబడింది లంకల్లోని ఇళ్ళలో. ఆ గట్ల అసలు యజమానులు ఆ రోజు భీమవరంలోనో, బెజవాడలోనో మేడ మీద పొడిగా ఉన్నారు. వాళ్ళ ఇంటి ముందు ఏ కారుంటుందో మీకు చెప్పక్కర్లేదు. చెరువు దొంగ సొత్తు అయినప్పుడు దాని మీద వచ్చిన డబ్బుతో కొన్న బండి ఎవరిదో కూడా ఏదో ఒక కోర్టు చెప్పాలి.

ఏలూరు కలెక్టరుగారూ, మళ్ళీ ఎవరైనా +3 ఫైలు పట్టుకుని వచ్చేలోపు ఒక్క పని చేయించండి. ప్రతి సంఘం చెరువుకూ కాగితం మీద పేరు ఎవరిదో, లీజు ఎవరిదో, కిందటి పంట డబ్బు ఎవరి ఖాతాలో పడిందో మూడు గడులు గీసి ఆ ఊరి సచివాలయం గోడకు అంటించండి.