కుండీలో కురుక్షేత్రం

కృష్ణకమలం తీగ గుమ్మం ముందు పాకితే లక్ష్మీదేవి లోపలికి నడిచొస్తుందని తేలిపోయింది గదా, ఇక కర్నూలు నర్సరీల్లో గులాబీని అడిగే నాథుడు లేడు. ఈశాన్యంలో నాటితే ధనయోగమట, వాయవ్యంలో నాటితే అమెరికా వీసా. కడపలో ఓ మేడమీద చూశాను: తీగ జానెడు, దాని మొదట్లో పసుపూ కుంకుమా దోసెడు.

వాస్తు సంగతి వదిలేయండి. నాకు ఒళ్ళు మండేది ఆ "వందమంది కౌరవుల" దగ్గర. చుట్టూ ఉన్న ఊదారంగు పోగులు కౌరవులు, నడుమ ఐదుగురు పాండవులు, వాళ్ళ నెత్తిన త్రిమూర్తులు. ఎవరైనా లెక్కపెట్టారా? నేను పెట్టాను, అగ్గిపుల్లతో ఒక్కో పోగునూ పక్కకు నెడుతూ. ఒక పువ్వులో కౌరవులు చాల్లేదు. ఇంకోదాంట్లో దుశ్శలను కలుపుకున్నా మిగిలిపోయారు. సాయంత్రానికి పువ్వు ముడుచుకుంది, యుద్ధం ఎటూ తేలలేదు.

ఈ తీగ పుట్టిల్లు అమెరికా ఖండం. నాలుగు వందల ఏళ్ళ కిందటే స్పెయిన్ మతగురువులు ఇదే పువ్వులో ఏసు సిలువపాట్లు చూశారు. మూడు కీలాగ్రాలు మూడు మేకులు, ఐదు పుప్పొడి తిత్తులు ఐదు గాయాలు, పోగుల వలయం ముళ్ళకిరీటం. పది రేకులు పదిమంది శిష్యులు. పన్నెండుమందికి రేకులు చాలక పేతురునూ యూదానూ పక్కన పెట్టారు. లెక్క కుదరకపోతే మనుషుల్ని కొట్టేసే విద్య అక్కడా ఉంది! 1753లో లిన్నేయస్ ఆ సిలువపాట్ల పేరుతోనే దీన్ని 'పాసిఫ్లోరా' అని పుస్తకానికెక్కించాడు. సముద్రం దాటేసరికి గాయాలు పాండవులయ్యాయి. మతమార్పిడి అంటే ఊగిపోయే వాట్సాప్ వీరులు దీనిమీద మాత్రం ఒక్క మెసేజీ పెట్టలేదు.

మన కంచెల మీద పాకే జుమికి తీగ దీనికి స్వయానా చుట్టం. అదే ఐదు, అదే మూడు. ఊరికే దొరుకుతుంది కాబట్టి అందులో దేవుడు లేడు.

ధనయోగమా? కోసిగి పక్కకు పోయి చూడండి సామీ. సుగ్గి కాలమొస్తే వీధికి వీధి తాళాలు. ముసలీ ముతకా ఊళ్ళో, మిగతావాళ్ళు గుంటూరు మిరపచేలల్లో, బడి మానిన పిల్లలతో సహా. వాళ్ళ ఇళ్ళకు ఈశాన్యం లేకనా? బిందెడు నీళ్ళకు జుట్లు పట్టుకునే సీమలో, రెండు పూటలా ఈ తీగకు నీళ్ళు పోస్తే అదృష్టం పండుతుందని చెప్పి డబ్బులు గుంజేవాడు భక్తుడు కాడు, పండితుడూ కాడు. దొంగ. ఆ దొంగమాటను రీలు చేసి పంచేవాళ్ళకు సిగ్గుండాలి.

కొన్నవాళ్ళు ఎలాగూ కొన్నారు. ఈ మొక్కలు కడియం నుంచి లారీల్లో దిగుతున్నాయి, గోదావరి తడి మరిగినవి. తెచ్చి మే నెలలో, 44 డిగ్రీల ఎండలో సిమెంటు గోడకు ఆనిస్తే ఏ కృష్ణుడూ కాపాడలేడు. మధ్యాహ్నం ఎండ తగలని తూర్పు గోడకు పాకించండి. వాస్తు కోసం కాదు, నీడ కోసం. కుండీ అడుగున చిల్లి ఉందో లేదో చూసుకోండి. మొదట్లో పాలు పోయకండి, చీమలు పడతాయి. ఎలాగూ ముళ్ళముళ్ళ గొంగళిపురుగులు వస్తాయి. నారింజరంగు సీతాకోకచిలుక పిల్లలవి, ఆకంతా మేసి కాడలు మిగులుస్తాయి. ఏరి పారేస్తారో, వాటికీ భారతంలో ఓ పాత్ర వెతుకుతారో మీ ఇష్టం.