పగడాలు లేని పగడపు తొట్టి

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలని వెళ్తే దుకాణంలో ఒక వరస చెబుతారు: తొట్టి, నీలం లైటు, పగడాలు, చేపలు. నీళ్ల సంగతి ఎక్కడో చివర్లో వస్తుంది. నేను చెప్పేవి దానికి పూర్తిగా ఎదురు. పగడాలు కొనొద్దు, ఇంటి ముందే సముద్రమున్నా ఆ నీళ్లు ముట్టొద్దు, నెలన్నర పాటు ఖాళీ తొట్టికి కరెంటు బిల్లు కట్టండి, పాచి పడితే సంతోషించండి అంటాను. వినడానికి పెడసరంగా ఉంటాయి. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను.

ముందు పగడాలు. రాతి పగడాలన్నీ, నల్ల పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్‌లు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూల్లో చేరాయి. పులి ఉన్న జాబితా అదే. సీ హార్స్‌లు, సముద్ర దోసకాయలు కూడా అప్పుడే అందులో చేరాయి. బతికున్న పగడమే కాదు, ఎండిన ముక్క కూడా ఆ చట్టం కిందికే వస్తుంది. కాబట్టి 'లైవ్ రాక్' అని బేసిన్లో వేసి చూపించే చిల్లుల రాయి ఎక్కడిదో అడగండి. అది చాలాసార్లు ఒకప్పటి పగడమే. "అందరూ తీసుకెళ్తున్నారు సార్, ఏం కాదు" అన్న జవాబు వస్తే అక్కడి నుంచి వచ్చేయండి.

చట్టం లేకపోయినా నేను ఇదే చెబుతాను. 1850ల్లో ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి పరిశీలకుడు అక్వేరియం మీద పుస్తకాలు రాశాడు. అవి చదివి ముచ్చటపడ్డ జనం డెవన్ తీరానికి ఎగబడి, రాళ్ల మడుగుల్లోని సముద్ర పుష్పాలను (ఎనిమోన్‌లను) ఊడబెరుక్కుపోయారు. ఆ తీరం బోసిపోయిందని ఆయన కొడుకు ఎడ్మండ్ తర్వాత బాధపడుతూ రాశాడు. సముద్రాన్ని ప్రేమించమని రాసిన మనిషి వల్లే జరిగిన నష్టమది. మన తెలుగు తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. గోదావరీ కృష్ణా తెచ్చే మంచినీరూ ఒండ్రూ వాటికి పడవు. ఉన్నవి మన్నార్ సింధుశాఖ, కచ్, లక్షద్వీప్, అండమాన్‌లలో. లక్షద్వీప్ పగడాలు 1998లో, 2010లో, 2016లో వేడికి తెల్లబారాయి. కోలుకోవడానికి తంటాలు పడుతున్న వాటి నుంచి మన హాల్లో అందానికి ఒక కొమ్మ విరుచుకురావడం నాకు అస్సలు మింగుడుపడదు.

మరి తొట్టిలో రాయి? పింగాణీతోనో సిమెంటుతోనో చేసిన అక్వేరియం రాళ్లు దొరుకుతాయి. కావలసింది సన్నని రంధ్రాలు, అవి నీటిని శుద్ధి చేసే బాక్టీరియాకు ఇళ్లు. రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు. కొన్ని నెలల్లో గులాబీ రంగు సున్నపు నాచు పట్టిందంటే ఆ రాయి ఎక్కడ తయారైందో ఎవరూ పోల్చలేరు.

చిన్న తొట్టి అంటే మరీ గాజు గిన్నె కాదు. రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు తీసుకోండి. 120 లీటర్లు పడతాయి. నీరు ఎంత తక్కువైతే పొరపాటు అంత తొందరగా ప్రాణం తీస్తుంది. దాన్ని హాల్లో సోఫా ఎదురుగా పెట్టకండి. కుళాయికీ, సింకుకీ దగ్గరగా, ఎండ పడని చోట పెట్టండి. బకెట్లు మోసే దూరం ఎక్కువైతే నీళ్లు మార్చడం వాయిదా పడుతుంది, ఉప్పు చెమ్మ చేరి సోఫా పాడవుతుంది.

ఇక నీళ్లు. విశాఖలో ఉండి ఉప్పు పొడి కొనుక్కోవాలా అంటారు. కొనుక్కోవాలి. వానాకాలం తర్వాత బంగాళాఖాతం ఒడ్డున నదుల నీరు కలిసి ఉప్పదనం బాగా పడిపోతుంది. నగరం ఒడ్డున మురుగు, హార్బరు నూనె ఉండనే ఉంటాయి. భీమిలి ఇసుక కూడా వద్దు, అందులో ఇల్మనైట్ లాంటి నల్ల ఖనిజాలు ఉంటాయి. అలాగని కిరాణా కొట్టు కళ్లుప్పు కలిపితే సముద్రం కాదు. చినగంజాం, నౌపడ ఉప్పు కొఠార్లలో ఏం జరుగుతుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. మడిలో నీరు ఇంకే కొద్దీ ముందు సున్నం, జిప్సం అడుక్కి దిగిపోతాయి. తర్వాత ఉప్పు గడ్డ కడుతుంది. మెగ్నీషియం ఉన్న చేదు నీటిని వదిలేస్తారు. మన చేతికి వచ్చేది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే. అసలు సముద్రపు నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1300 దాకా మెగ్నీషియం ఉంటాయి. నత్తకు గుల్ల కట్టేది, సున్నపు నాచును నిలబెట్టేది అవే.

కాబట్టి అక్వేరియం ఉప్పే, అదీ ఆర్వో నీటిలోనే. వంటింటి ఆర్వోలో రుచి కోసం కొంత మామూలు నీరు కలుపుతారు, టీడీఎస్ మీటరు పెడితే తెలిసిపోతుంది. ఆ కలిపే మార్గం మూయించి, చివర మిగిలిన లవణాలను తీసేసే డీఐ కార్ట్రిడ్జ్ తగిలించి, మీటరు సున్నా చూపించేదాకా ఆగండి. ఉప్పదనం వెయ్యికి 35 పాళ్లు ఉండాలి. రిఫ్రాక్టోమీటరుతో చూడండి, నాలుక మీద వేసుకుని చెప్పే పని కాదు. నీరు నిండాక గాజు మీద మార్కరుతో ఒక గీత గీయండి. మట్టం గీత దిగగానే మంచినీరే పోయండి, ఉప్పునీరు కాదు. ఆవిరయ్యేది నీరు, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. పదో వంతు నీరు ఎగిరిపోతే 35 కాస్తా 39 అవుతుంది.

లైటుకు పెట్టే డబ్బు ఇన్వర్టరు మీదా, బ్యాటరీతో నడిచే గాలి పంపు మీదా పెట్టండి. పగడాలు లేని తొట్టికి ఖరీదైన లైటు అవసరమే లేదు. నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. హైదరాబాదు పొడి ఎండల్లో నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ ఉక్కపోతలో ఫ్యాను అంతగా పనిచేయదు, అక్కడ చిల్లర్‌కి ఖర్చు తప్పదు.

ఇప్పుడు అందరికీ కష్టమైన సలహా: రాళ్లు, నీళ్లు, వేవ్‌మేకర్ అన్నీ పెట్టి, చేపలు మాత్రం వేయకండి. బాక్టీరియా సీసాలో దొరుకుతుంది, అది వేసి, తిండికి ఒక చిటికెడు చేప మేత వేయండి. పాలు తోడేసి కదపకుండా వదిలేసినట్టు వదిలేయండి. ముందు అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్, ఆపైన నైట్రేట్. మొదటి రెండూ సున్నాకు దిగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఉప్పునీటి క్షారగుణం ఎక్కువ, అందులో అమ్మోనియా మంచినీటిలో కంటే విషం. చూడ్డానికొచ్చిన పెద్దవాళ్లు "ఉత్త నీళ్లకి ఇంత హంగామా ఏమిట్రా" అంటారు. అననివ్వండి. మొదటి వారంలో వేసిన చేప ఆ విషంలోనే మొప్పలు మాడి చచ్చిపోతుంది, అలా ఒక్క చేప పోవడం కూడా నాకు ఇష్టం లేదు.

తర్వాత గోధుమరంగు పొర పడుతుంది, దాని వెనకే పచ్చని జుట్టు నాచు. మందులు పోయకండి. రాళ్ల మీద ప్రాణం పుట్టుకొస్తోందనడానికి గుర్తు అది. లైటు ఆరు గంటలకు తగ్గించండి, నాలుగైదు నత్తలు వేయండి, వారానికి పదో వంతు నీరు మార్చండి. పీహెచ్ కాస్త తగ్గిందని పొడులు కలపొద్దు, కిటికీ తీయండి. ఏసీ గదిలో మన ఊపిరే దాన్ని దించుతుంది.

అప్పుడు చేపలు. రెండే, అవీ హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జంట. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు తమిళనాడులోని మండపంలో వీటిని పుట్టించే పద్ధతి ఎప్పుడో సాధించారు, కాబట్టి సముద్రంలో పట్టినవి కొనాల్సిన పని లేదు. ఎనిమోన్ కూడా అక్కర్లేదు. విరిగిన పూలకుండీ పెంకు ఒకటి ఒరగబెట్టి చూడండి. అన్నీ మగగానే పుడతాయి, జంటలో పెద్దది ఆడదవుతుంది. బాగా కుదురుకున్నాక ఒకరోజు రెండూ కలిసి ఆ పెంకును నోటితో గీకి శుభ్రం చేస్తాయి. నారింజ రంగు గుడ్లు వరసలుగా అంటుకుంటాయి. మగచేప వాటి మీద రెక్కలు విసురుతూనే ఉంటుంది, పాడైన గుడ్డును ఏరి తినేస్తుంది. చెయ్యి పెడితే మీద పడి కరుస్తుంది. ఐదారు రోజులకు గుడ్లు నల్లబడి, ఒక్కోదాంట్లో వెండి రంగు కళ్లు కనిపిస్తాయి. ఏడో రోజో ఎనిమిదో రోజో చీకటి పడ్డాక పొదుగుతాయి. పిల్లలను పెంచాలంటే వాటి మేతకు రోటిఫర్లనే సూక్ష్మజీవుల్ని పెంచాలి, అది వేరే పెద్ద పని.

నీలి ట్యాంగ్ అడగొద్దు, అది అడుగు దాకా పెరుగుతుంది. మేత రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేంత.

ఎప్పుడైనా ఈ పని చాలించాలనిపిస్తే చేపల్నీ నత్తల్నీ ఇంకొకరికి ఇవ్వండి, సముద్రంలో మాత్రం వదలకండి. 1984లో మొనాకో ఓషనోగ్రాఫిక్ మ్యూజియం కింద చిన్న మడిలా కనిపించిన కాలెర్పా నాచు, అక్వేరియాల్లో పెంచే రకమే, తర్వాత మధ్యధరా సముద్రపు అడుగున ఎన్నో మైళ్లు పాకింది. మీ తొట్టి నీరు కూడా పారబోసే ముందు బ్లీచింగ్ పౌడర్ కలిపి ఒక రోజు ఉంచండి.